బరువులెత్తొద్దన్న కోచ్

చంద్రమౌళి పరుగు మొదలుపెట్టడానికి కారణం ఆరోగ్యం కాదు, ఇసుర్రాయి.

హనుమకొండ బజారులో ఆయనకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఊళ్లో సగం ఇళ్లకు బిందెలు అమ్మిన మనిషి సొంత ఇంట్లో చెంబు కూడా కదిలించడు. అలాంటి మనిషి మడికొండలో కొత్త ఫ్లాటు కొన్నాడు. గృహప్రవేశం ఇంకో నెల ఉందనగా భార్య వినోద తలెత్తి సజ్జ వైపు చూసింది. సజ్జ మీద మూడు తరాల సామాను ఉంది. ఆ సామాను వెనక, చీకటి మూలలో, నాయనమ్మ కాలంనాటి ఇసుర్రాయి ఉంది. దాన్ని తలుచుకోగానే చంద్రమౌళికి నడుం పట్టేసింది.

"ఆదివారం నుంచి సజ్జ ఖాళీ చేద్దామండి," అన్నది వినోద.

ఆ పొద్దున చాయ్ గ్లాసు పక్కన పేపరు మడిచి పెట్టి ఉంది. మడత మీదనే ఒక డాక్టరు సలహా: దూరాలు పరుగెత్తడం నేర్చుకునేవాళ్లు కొన్నాళ్లు బరువులు ఎత్తకూడదు. చంద్రమౌళి ఆ నాలుగు వరుసలు భక్తితో చదివాడు.

"ఆదివారం నుంచి నాకు కుదరదే. నేను మారథాన్ ఉరుకుతాన."

"మీరా?"

"పూరా కాదు, హాఫే. ఖిలా వరంగల్ల పెడ్తాండ్రట. కోచ్‌ను గూడ మాట్లాడిన. బరువులు అస్సలే ఎత్తొద్దన్నడు."

"కోచ్ పేరేంది?"

"కోచ్‌లకు పేర్లుండయే. కోచ్ అనే పిలుస్తరు."

వినోదకు ఎంకాం పరీక్షలు దగ్గరపడ్డాయి. పెళ్లితో ఆగిపోయిన చదువును పిల్లలు హాస్టలుకు వెళ్లాక మళ్లీ పట్టుకుంది. దుకాణం, పరీక్షలు, ఇల్లు మారడం, వీటన్నిటి మధ్య మొగుడు పరుగంటే మామూలుగా అయితే గ్లాసు ఎగిరిపడాలి. ఆమె మాత్రం మెత్తగా నవ్వింది.

"మంచిగ ఉరుకుండ్రి. పొద్దుగాల్నే పోండ్రి. ఎంత దూరం పోతే అంత మంచిది."

తెలివైనవాడైతే అక్కడే అనుమానపడేవాడు. చంద్రమౌళి వెళ్లి బూట్లు కొనుక్కున్నాడు.

మొదటి రోజు గల్లీ చివరిదాకా పరుగెత్తాడు. గల్లీ చివర కరెంటు స్తంభాన్ని కౌగిలించుకుని నిలబడ్డాడు. ఆటో కట్టయ్య అటుగా వచ్చి బండి ఆపాడు.

"ఏమైంది సేటూ? కుక్కలు ఎంబడి పడ్డయా?"

"లే కట్టయ్యా. మారథాన్."

"మరి ఆటో ఎక్కుతాండ్రేంది?"

"మారథాన్ల ఇది గూడ ఉంటది. మడికొండకు నడువు."

కొత్త ఫ్లాటులో కుర్చీ లేదు, టీవీ లేదు, సజ్జలు ఉన్నా వాటి మీద ఏమీ లేదు. చంద్రమౌళి పాత చాప పరుచుకుని హాయిగా గురకపెట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు గల్లీ మొదట్లో ఆటో దిగి, సీసాలో నీళ్లు నెత్తిన, చొక్కా మీద చల్లుకుని, రొప్పుతూ ఇల్లు చేరాడు.

"అబ్బ, ఏం చెమటండి!" అన్నది వినోద. "ఎందాక ఉరికిండ్రు?"

"మడికొండ దాక."

మర్నాడు బూట్లు కట్టుకుంటుంటే వినోద ఒక దిండు తెచ్చింది.

"పోయేది మడికొండకే గద. జర దీన్ని మన ఫ్లాట్ల ఏసి రాండ్రి."

"కోచ్ బరువులు ఎత్తొద్దన్నడే."

"దిండు బరువా? లోపల ఉన్నదంత దూదే."

దిండే కదా, పడుకోవడానికి పనికొస్తుందని తీసుకుపోయాడు. ఆ తర్వాతి రోజు దుప్పట్లు. ఆ తర్వాత పచ్చడి జాడీ. "జాడీ బరువే గని, లోపల పచ్చడి సగమే ఉన్నదండి." ఇంకో రోజు మిక్సీ, ఇంకో రోజు కుక్కర్లు, ఒక రోజు గోడ గడియారం. పరుగెత్తేవాడికి టైము చూసుకోవడానికి ఉంటుందని ఇచ్చిందట. కాదంటే ఆటో సంగతి బయటపడుతుందని చంద్రమౌళి ప్రతి రోజూ చేతులు చాపాడు.

ఫ్లాటు మూడో అంతస్తులో. లిఫ్టు ఇంకా బిగించలేదు. పైగా వస్తువు లోపల పెట్టగానే వినోద ఫోను చేసేది.

"పెట్టిండ్రా? జర ఫొటో కొట్టి పంపుండ్రి... అక్కడ గాదు, కిటికీ పక్కకు. జర తుడిచి పెట్టుండ్రి."

అలా చాప మీది హాయి నిద్ర కాస్తా పోయింది. సజ్జ మీది సామాను నుంచి పారిపోయిన మనిషి దాన్ని రోజుకింత మూడంతస్తులు మోసి సర్దుతున్నాడు. మెట్లు ఎక్కీ ఎక్కీ పొట్ట తగ్గింది. దుకాణానికి వచ్చినవాళ్లు "ఏంది సేటూ, సన్నగైతాండ్రు?" అని అడిగితే ఛాతీ విరిచి, "మడికొండ దాక పోవుడు, వచ్చుడు. ఉరుకుడే," అనేవాడు. నలుగురిలో ఆ మాట అంటుంటే ఎంతో బాగుండేది. బజారంతా చెప్పాడు.

ఆ మాట మామ కుమారస్వామి చెవినీ పడింది. ఆయన రిటైరైన డ్రిల్ మాస్టారు. పెళ్లిలో అల్లుడు తలంబ్రాల పళ్లెం ఎత్తడానికి ఆయాసపడ్డాడని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆ మామ ఫోను చేసి, "శభాష్ అల్లుడా!" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన నోట రాని మాట అది. ఇక ఈ అబద్ధం బయటపడితే చుట్టాల్లో తలెత్తుకోలేనని చంద్రమౌళికి ఆ క్షణంలో అర్థమైంది.

గృహప్రవేశం ముందు రోజు, చుట్టాలందరి ముందు వినోద తీరిగ్గా అన్నది.

"దేవుని పటం ముందు పెట్టుకొని ఇంట్ల అడుగువెట్టాలె గద. ఆ పటం మా ఆయన ఇక్కడికెల్లి ఉరుక్కుంట తెస్తడు. రోజూ ఉరికే తొవ్వే."

చప్పట్లు మోగాయి. కుమారస్వామి లేచి, "నేను స్కూటర్ మీద పక్కన వస్త," అన్నాడు. ఆయన జేబులో పాత విజిల్ కూడా ఉంది.

తెల్లారి చంద్రమౌళి బాత్రూంలో దూరి కట్టయ్యకు ఫోను కొట్టాడు.

"సేటూ, నేను ఫ్యామిలీతోని మీ కొత్తింట్లనే ఉన్న. వినోదక్క పిలిచింది. ఉప్మా మస్తున్నది."

ఇక దారి లేదు. ధోవతి ఎగ్గట్టి, నరసింహస్వామి పటం వీపుకు కట్టుకుని చంద్రమౌళి పరుగెత్తాడు. పక్కన స్కూటర్ మీద మామ విజిల్. ఎదురొచ్చినవాళ్లు ఇదేదో మొక్కు అనుకుని దండాలు పెట్టారు. ఒక ముసలమ్మ ఆపి ఆయన్ను ముందుకు వంచి మరీ పటానికి బొట్టు పెట్టింది. ఆ కాసేపు ఊపిరి దొరికినందుకు చంద్రమౌళి ఆమెకు మనసులోనే మొక్కాడు. మామ మళ్లీ విజిల్ ఊదాడు.

మెట్లు ఎక్కిన పుణ్యమో ఏమో, కాజీపేట దాకా వచ్చాడు. అక్కడ ఒక మూసిన దుకాణం అరుగు మీద కూలబడ్డాడు.

"మామా, నాతోని కాదు. రోజూ ఆటోల పోయిన."

"తెల్సు."

"ఎప్పటిసంది?"

"నువ్వు మొదాలు ఆటో ఎక్కిన దినంసంది. కట్టయ్య మా బిడ్డకు చెప్పిండు, బిడ్డ నాకు చెప్పింది."

"మరి నన్నెందుకు ఉరికిచ్చిండ్రు?"

"బజారంత చెప్పుకున్నవు గద. జరంతన్న నిజం జేద్దామని. ఎక్కు బండి."

ఫ్లాటు మలుపు రాగానే మామ స్కూటర్ ఆపాడు. "ఈడ దిగి ఉరుకు. చుట్టాలు చూస్తాండ్రు."

చంద్రమౌళికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ చివరి ముక్క మాత్రం నిజంగా, గట్టిగా పరుగెత్తాడు. చప్పట్ల మధ్య వినోద చెంగుతో ఆయన మొహం తుడిచింది.

"ఇయ్యాల అసలు చెమట," అన్నది చెవిలో. "ఇన్ని దినాలు సీసా నీళ్లేనాయె."

"నీకు మొదటిసందే తెల్సా?"

"ఆ పేపరు మడిచి చాయ్ పక్కకు పెట్టింది ఎవరనుకున్నరు?"

చంద్రమౌళి వీపు మీది పటం విప్పి ఆమె చేతికిచ్చాడు.

"ఎందుకే ఇదంత?"

"మీరు ఇంట్ల ఉంటే పొద్దుగాల ఒక్క పేజీ తిరగదు. చాయ్ ఏది, తువ్వాల ఏది, టీవీ రిమోట్ ఏది. మీరు లేని ఆ జర సేపే నాకు కాలేజీ."

"నోరు తెరిచి అడిగితే పోకపోదునా?"

"మూడుసార్లు అడిగిన. మూడుసార్లూ మీరు టీవీ సౌండ్ పెంచిండ్రు."

అది నిజమే. చంద్రమౌళికి సిగ్గేసింది. ఈసారి మాట తిప్పకుండా తల దించుకున్నాడు.

మర్నాడు కొత్తింట్లో తెల్లారకముందే కిటికీ కింద విజిల్ మోగింది. వినోద పుస్తకం తెరిచి కూర్చుంటూ, పేజీలోంచి తల ఎత్తకుండానే అన్నది.

"పోండ్రి, మీ కోచ్ వచ్చిండు. నా పరీక్షలయ్యేదాక ఈడనే ఉంటడట."

చంద్రమౌళి మెట్లు దిగాడు. కింద కుమారస్వామి చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు.

"ఉత్త ఉరుకుడు పనికిరాదు అల్లుడా. ఈ కోచ్ బరువులు ఎత్తాలంటడు."

ఆయన పక్కకు జరిగాడు. వెనక కట్టయ్య ఆటో ఉంది. అందులో, చంద్రమౌళి రోజూ కూర్చునే చోట, ఇసుర్రాయి కూర్చుని ఉంది.