పదకొండు సెకన్ల నిశ్శబ్దంపై సమీక్షా సమావేశం

నెల్లూరు తీర ప్రాంత బ్లూస్ రాక్ అభిమానుల సమాఖ్య ప్రథమ సమీక్షా సమావేశం గత ఆదివారం సాయంత్రం తోటపల్లి గూడూరులోని ఒక కల్యాణ మండపంలో దిగ్విజయంగా జరిగింది. మూడు వందల మంది అభిమానులు హాజరయ్యారు. వారిలో గిటారుకు ఎన్ని తీగలుంటాయో తెలిసినవారు కూడా కొందరు ఉన్నారని నిర్వాహకులు సగర్వంగా ప్రకటించారు.

చర్చించవలసిన అంశం ఒక్కటే. నెల క్రితం మార్కెట్ యార్డు మైదానంలో గిటారిస్టు బెన్హర్ ఇచ్చిన ప్రత్యక్ష ప్రదర్శనలో, మూడో పాట మధ్యలో, పదకొండు సెకన్ల పాటు గిటారు మోగలేదు. ఆ మోగకపోవడం ఎంత గొప్పది, దాని మీద ఎవరెవరి ప్రభావం ఉంది అన్నది పెద్దలు తేల్చాలి.

తేల్చుకోవలసిన పని లేని మనిషి వేదిక కింద ఒకరే ఉన్నారు. సమాఖ్య కార్యదర్శి మధుబాబు భార్య గంగాభవాని. ఆ రోజు గిటారు ఎందుకు మోగలేదో ఆమెకు తెలుసు. ప్లగ్గు పీకారు. పీకినది ఆమె భర్త.

ఇందులో మధుబాబు తప్పేమీ లేదు. మన సభల్లో ముఖ్య అతిథి ఆలస్యంగా రావడం ఆయన హక్కు. ఆయన వచ్చేసరికి జరుగుతున్నదాన్ని ఆపడం మన మర్యాద. ఆ సాయంత్రం ముఖ్య అతిథి పోలేరయ్య గారు, ఏదో ఒక సంస్థకు మాజీ డైరెక్టరు, రెండు గంటల ఆలస్యంతో సకాలంలో విచ్చేశారు. స్వాగతం పలుకుతున్న వ్యాఖ్యాత గొంతు గిటారు మోతలో వినపడలేదు. రొయ్యల మేత వ్యాపారం చేసే మధుబాబుకు ప్రమాదాలు ముందే పసిగట్టే అలవాటుంది. పరుగున వెళ్ళి స్పీకరు వైరు ఊడబెరికాడు. తర్వాత శాలువా, పూలదండ, యువత క్రమశిక్షణ మీద ఇరవై నిమిషాల సందేశం. అన్నీ అయ్యాక, కొంచెం హుషారైన పాట ఏదైనా వాయించమని పోలేరయ్య గారు కోరారు. బెన్హర్ నాలుగో పాట ఎత్తుకున్నాడు. మూడో పాట అక్కడే ఉండిపోయింది.

గంగాభవానికి బ్లూస్ చరిత్ర తెలియదు. బి.ఏ.లో ఆమె చదివింది అర్థశాస్త్రం. కానీ అరంగుళం తేడా వచ్చిన జాకెట్టును రెండుసార్లు టైలరుకు వాపసు పంపే మనిషి. మొదలుపెట్టిన పాట ఎక్కడో ఒకచోట దిగాలని ఆమె నమ్మకం. ఆ పాట, నిండు బిందె చంకనెత్తుకున్న మనిషి మెట్లు ఎక్కుతున్నట్టుగా సాగింది. ఒక్కో మెట్టు మీద ఆగుతూ, ఊపిరి పీల్చుకుంటూ, పైదాకా వచ్చింది. చివరి మెట్టు మీద పెట్టబోయిన కాలు గాలిలో ఉండగా వైరు ఊడింది. ఆ మనిషి అప్పటినుంచీ గంగాభవాని వంటింట్లో ఒంటికాలి మీద నిలబడి ఉంది. గిన్నెలు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా పాట అక్కడిదాకా వస్తుంది, ఆగుతుంది. దింపుదామంటే ఎలా దిగుతుందో ఆమెకు తెలియదు.

ఇంతలో ఒక అభిమాని తీసిన వీడియో ఊరూరా తిరిగింది. గిటారు ఆగిన పదకొండు సెకన్లకు అతని ఫోన్లో జాగా నిండిపోయింది గనుక పోలేరయ్య గారు అందులో రాలేదు. చీకట్లో నిశ్చేష్టుడై నిలబడ్డ బెన్హర్ మాత్రం ఉన్నాడు. ఆ నిశ్శబ్దం చూసి జనం కంటతడి పెట్టారు. మైదానంలో స్వయంగా ఉన్నవారు కూడా వీడియో చూశాకే అసలు సంగతి గ్రహించారు. ప్రదర్శన జరిగినంతసేపూ వాళ్ళు తమ తమ ఫోన్లు నిటారుగా పట్టుకునే బాధ్యతలో ఉన్నందున, వినే వీలు కలగలేదు. వారం తిరక్కుండా సమాఖ్య ఏర్పడింది.

మధుబాబు కార్యదర్శిగా ఎన్నికైన రోజున గంగాభవాని అన్నం వడ్డిస్తూ అడిగింది.

“ప్లగ్గు పీకింది నువ్వే గదయ్యా?”

“పీకినా. కాదన్నానా?”

“మరి ఆ సంగతి మీటింగులో చెప్పలా?”

మధుబాబు ముద్ద కలపడం ఆపాడు. “నువ్వు పైపైన చూస్తన్నావు మే. పీకిన మాట నిజమే. సరిగ్గా ఆ సెకన్లోనే ఎందుకు పీకాలనిపించింది నాకు? ఒక సెకను ముందు పీకొచ్చు, తర్వాత పీకొచ్చు. అది సంగీతం నన్ను చేయించిన పని. ఆలోచించి చూడు.”

“పోలేరయ్య కారు దిగినాడని పీకినావు.”

“కారు దిగింది ఆయన. కదిలింది నేను. ఇంక కొంచెం పులుసు పొయ్యి.”

ఆమె పులుసు పోసింది. సమావేశానికి బెన్హర్ కూడా వస్తాడని, చివర్లో ఆ పాట వాయిస్తాడని తెలిసింది గనుకనే ఆదివారం చీర మార్చుకుని బయల్దేరింది. పాట చివర వినాలి. అంతకు మించి ఆమెకు సమాఖ్యతో పని లేదు.

సమావేశాన్ని అధ్యక్షులు కామాక్షయ్య గారు ప్రారంభించారు. ఆయనది బుచ్చిరెడ్డిపాలెం. ధాన్యం వ్యాపారి. వేదిక మీద పక్క కుర్చీలో బెన్హర్ గిటారు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కృష్ణపట్నం దగ్గర ఒక కంపెనీలో బొగ్గు మోసుకెళ్ళే బెల్టు నడిపే ఉద్యోగం అతనిది. ఏడు గంటలకు షిఫ్టు బస్సు పట్టుకోవాలని ముందే చెప్పుకున్నాడు.

“మిసిసిపి నదికి డెల్టా ఉంది,” అన్నారు కామాక్షయ్య గారు. “పెన్నకూ ఉంది. అమెరికాలో నల్లజాతివాళ్ళు పత్తి పండించినారు, మనం వరి పండించినాం. పంటలో తేడా తప్పితే బాధలో తేడా లేదు. రైతు బాధ నేను దగ్గర్నుంచి చూసినోణ్ణి. తూకం దగ్గర నిలబడేది నేనే గదా! న్యాయంగా అయితే ఈ బ్లూస్ బుచ్చిరెడ్డిపాలెంలోనే పుట్టాల. కాలవకు నీళ్ళు లేటుగా వదిలినందువల్ల అక్కడ పుట్టింది. ఎండాకాలం పెన్నలో ఇసక తప్పితే ఏముంటది? ఆ ఇసకే ఈ పదకొండు సెకన్లు.”

హాలు చప్పట్లతో మారుమోగింది. ఇసుక అన్న మాటకు కొందరు వ్యాపారరీత్యా కూడా స్పందించారు.

తర్వాత గౌరవ సలహాదారు, విశ్రాంత అధ్యాపకులు జీవానందం గారు లేచారు. బెన్హర్ చిన్నప్పటినుంచీ గిటారు వాయించే చర్చిలో ఆయన పెద్ద.

“ప్రియులారా, అధ్యక్షుల వారి ఇసుకను నేను కాదనను. కాని ఈ బిడ్డ వేళ్ళు మా ఆరాధనలో వికసించినవి. ఆ మౌనం ప్రార్థనకు తల వంచిన మౌనం. పదకొండే ఎందుకు? పది కాకూడదా? పన్నెండు మంది శిష్యులలో ఒకడు ద్రోహియై పోగా మిగిలినవారు ఎందరు? మీరే లెక్క పెట్టుకోండి.”

సగం హాలు లెక్క పెట్టుకుని ఆశ్చర్యపోయింది. మిగిలిన సగం అధ్యక్షుల వైపు చూసింది. కామాక్షయ్య గారు కూర్చున్నచోటు నుంచే మైకు అందుకుని, పదకొండంటే ఏకాదశి అని, అది ఈ దేశంలో అందరికీ తెలిసిందేనని గుర్తు చేశారు. ఇక సెకన్ల యాజమాన్యం మీద మాటా మాటా పెరిగింది. సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన ముత్యాలయ్య అనే పెద్దాయన, వల రాయికి పట్టుకున్నప్పుడు పడవలో అందరూ ఊపిరి బిగబట్టేది కూడా అంతసేపేనని, తమవాళ్ళకూ రెండు సెకన్లు రాయాలని చేయెత్తి కోరాడు. చివరకు పెన్నకు నాలుగు, ఆరాధనకు నాలుగు, చేపల వేటకు రెండు కేటాయించారు. మిగిలిన ఒకటి ఉమ్మడిగా ఉంచారు.

ఈ సమయంలో బెన్హర్ మైకు వైపు వంగి, “సార్, అసలు ఆ రోజేం జరిగిందంటే...” అన్నాడు.

“ఆయన మాట్లాడడు,” అన్నారు అధ్యక్షులు వాత్సల్యంగా. “కళాకారుడు మాట్లాడితే చర్చ దెబ్బతింటది.”

మధుబాబు వంతు వచ్చింది. రొయ్యలు చావకుండా గుంటలో నీళ్ళకు గాలి పట్టిస్తూ రాత్రింబవళ్ళు తిరిగే ఏరియేటర్ల గురించి చెప్పాడతను. ఆ నీళ్ళ చప్పుడు ఎవరి చెవికీ పట్టదు. కరెంటు పోయి అది ఆగిపోయినప్పుడు మాత్రం మంచం మీది రైతు దిగ్గున లేచి కూర్చుంటాడు. “ఆ ఆగిపోవడం విన్నోడికి బ్లూస్ అంటే ఏందో ఎవురూ చెప్పబళ్ళా,” అన్నాడు. ఇది మాత్రం బాగా చెప్పాడని గంగాభవానికే అనిపించింది. ప్లగ్గు పీకిన మనిషి కరెంటు పోవడం గురించి మాట్లాడటంలో ఒక న్యాయం ఉంది.

టీ విరామంలో ఆమె రెండు కప్పులు పట్టుకుని వెళ్ళి ఒకటి బెన్హర్‌కు ఇచ్చింది.

“తమ్ముడూ, ఆ పాటకు చివర ఉంది గదా?”

బెన్హర్ కప్పు పట్టుకుని ఆమెను ఒక క్షణం చూశాడు. నెల రోజులుగా అతన్ని ఎన్నో అడిగారు. ఇది అడగలేదు.

“ఉందక్కా. పాట కట్టిందే దానికోసం. రెండేళ్ళు పట్టింది ఆ చివరకి. మొదలంతా ఎవురన్నా వాయించగలరు.”

“వీళ్ళకి చెప్పలా, వైరు పీకినారని?”

“చెప్పినా. వినయం గల్లోడివి నాయనా అని జీవానందం సారు భుజం తట్టినాడు. కామాక్షయ్య అన్న ఏమో, బయట అనబాక, వాల్యూ పోద్దన్నాడు.” నవ్వబోయి మానుకున్నాడు. “అప్పుడప్పుడు నాకే అనుమానం అక్కా, ఆడనే ఆపితే బాగుంటదేమోనని.”

“బాగుండదు. మోసిన బిందె దించాల. ఈరోజు వాయించు, నేను వింటా.”

“మీరొక్కరు విన్నా చాలక్కా,” అన్నాడు బెన్హర్. మర్యాదకు అన్న మాట కాదది. కప్పు కింద పెట్టి, పెట్టె తెరిచి తీగలు సరిచూసుకోవడం మొదలుపెట్టాడు.

ఆరున్నరకు వాయిద్యం మొదలైంది. గంగాభవాని మూడో వరసలో కూర్చుంది. ఫోను సంచిలో పెట్టి, సంచి జిప్పు వేసేసింది. పాట మెట్టు మెట్టుగా ఎక్కింది. ఈసారి స్పీకర్లు దగ్గరగా ఉన్నందున తీగ మీద వేలు జారే రాపిడి కూడా వినిపించింది. చివరి మెట్టు వచ్చింది. కాలు గాలిలోకి లేచింది. ఆమె ఊపిరి బిగబట్టింది.

హాలంతా ఒక్కసారిగా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

సుప్రసిద్ధమైన నిశ్శబ్దం అక్కడే మొదలవుతుందని అందరికీ తెలుసు. దానికి తగిన గౌరవం ఇవ్వాలని కమిటీ ముందే తీర్మానించింది. ఈలలు వేశారు. పూలు చల్లారు. అధ్యక్షులు లేచి నిలబడి చేతులు పైకెత్తి, ఇంకా, ఇంకా అన్నట్టు ఊపారు. బెన్హర్ ఆగలేదు. తల వంచుకుని వాయిస్తూనే ఉన్నాడు. అతని వేళ్ళు తీగల మీద కిందికీ పైకీ నడవడం గంగాభవానికి స్పష్టంగా కనిపిస్తోంది. శబ్దం మాత్రం ఒక్క ముక్క చెవిన పడటం లేదు. ఆమె కూర్చునే ఉంది.

మధుబాబు వేదిక దిగివచ్చి మోచేత్తో పొడిచాడు. “లెయ్ మే! ఫోటోలు తీస్తన్నారు. సెక్రటరీ పెళ్ళామే కూచుంటే ఏమనుకుంటారు?”

ఆమె లేచింది. చేతులు ఊరికే ఉంచుకుంటే బాగుండదని మెల్లగా చప్పట్లు కొట్టింది, పాట వినపడేంత మెల్లగా. చుట్టూ ఇంకెంతమంది అలాగే మెల్లగా కొడుతున్నారో తెలియదు. మూడు వందల మంది మెల్లగా కొట్టినా చప్పుడు పెద్దదే అవుతుంది. బెన్హర్ వేళ్ళు ఒకచోట నిలిచి, చాలాసేపు ఒకే తీగను నొక్కి పట్టుకుని వణికి, వదిలేశాయి. చప్పట్లు ఆగేసరికి అతను వైరు చుట్టుకుంటున్నాడు.

ఈసారి నిశ్శబ్దం నాలుగు నిమిషాలకు పైగా సాగిందని, కళాకారుని ఎదుగుదలకు ఇది నిదర్శనమని కామాక్షయ్య గారు ప్రకటించారు. అదనపు సెకన్ల పంపకం కోసం ఉపసంఘం వేశారు.

ఏడుకు ఐదు నిమిషాలుండగా బెన్హర్ గిటారు పెట్టె భుజాన వేసుకుని మండపం గేటు దగ్గరకు వచ్చాడు. బస్సు రోడ్డు మీద హారను కొడుతోంది. గంగాభవానిని చూసి ఆగాడు. ముఖం చెమటతో మెరుస్తోంది.

“విన్నారా అక్కా?”

వినపడలేదు నాయనా, ఇంకోసారి వాయించు అని చెప్పాలనుకుంది. బస్సు మళ్ళీ హారను కొట్టింది. అతని ముఖం చూసింది.

“విన్నా. చాలా బాగుంది.”

“చివర మార్చినా. టీ తాగేటప్పుడు మీరన్న మాటకే మార్చినా. కనిపెట్టినారా?”

“కనిపెట్టినా,” అంది గంగాభవాని. “అద్భుతంగా దించినావు.”

బెన్హర్ రెండు చేతులూ జోడించి, పరుగున వెళ్ళి బస్సెక్కాడు. కిటికీలోంచి చేయి ఊపాడు. తన పాటను చివరిదాకా విన్న మనిషి ఈ జిల్లాలో ఒకరున్నారన్న తృప్తి అతని ముఖంలో కనిపించింది.

మధుబాబు బైకు తెచ్చి ఆపాడు. “ఏందంట?”

“చివర మార్చినాడంట.”

“అవును. నాకప్పుడే అనిపించింది,” అన్నాడు మధుబాబు. “ఆ చివర్లో ఒక మార్పు ఉండ్లా? శానా లోతుగా ఉండింది.”

గంగాభవాని అతని వైపు చూసి, వెనక సీట్లో కూర్చుంది. వచ్చే నెల సమావేశంలో ‘బెన్హర్ బాణీలపై గృహిణుల ప్రభావం’ అన్న అంశం మీద మహిళల తరఫున ప్రసంగించడానికి ఆమె పేరు ఏకగ్రీవంగా ఆమోదించినట్టు దారిలో మధుబాబు చెప్పాడు. ఎన్ని నిమిషాలు ఇస్తారని అడిగింది.