పాముచెవులాయన పిట్ట

ఆ ఉదయం గైడుగారు వేసుకున్న పథకం చిన్నదే. ఆరింటికి పదిమందిని అడవిలోకి తీసుకెళ్ళాలి, పది పిట్టల్ని చూపించాలి, వెంట వచ్చే అటవీశాఖ ఆఫీసరు చేత ఇంకో రెండేళ్ళకు తనే గైడని సంతకం పెట్టించుకోవాలి. కంకర తవ్వుకుని వదిలేసిన గుంతల్లో మళ్ళీ మొలిచిన అడవి అది. సగం మొక్కలు ఆయన చేత్తో నాటినవే. ఆకు చాటున ఏది కూసినా పేరు చెప్పేవాడు గనక జనం ఆయనకు పాముచెవులాయన అని పేరు పెట్టారు. రెండేళ్ళుగా ఆ చెవులు మొరాయిస్తున్నాయన్న సంగతి, టోపీ కింద ఓ వినికిడి మిషను ఉందన్న సంగతి, భార్యకు తప్ప మూడో కంటికి తెలియదు.

"దాని సౌండు మరీ పెంచకండి. పెంచితే దానంతటదే కూతలు పెడుతుందని డాక్టరు చెప్పాడుగా," అంది భార్య టోపీ అందిస్తూ.

"ఏంటీ?"

"నా ఖర్మ. వెళ్ళిరండి."

ఆయన గుమ్మం దాటుతూనే ఇక పెంచడానికి లేనంతగా పెంచేశాడు.

గేటు దగ్గర ఆఫీసరు ఉన్నిటోపీని చెవుల మీదికి లాక్కుని నిలబడి ఉన్నాడు. "పిలిచినా మీరు పలకడం లేదని ఫిర్యాదొచ్చిందండీ. ఈవేళ తేలిపోవాలి," అన్నాడు, అవసరానికి మించిన గొంతుతో.

గైడుగారికి నిలకడ లేకుండా పోయింది. పది అడుగులకోసారి ఆగడం, టోపీ కింద మిషను బొత్తాం తడుముకోవడం, ఏదైనా వినబడుతుందేమోనని చెవికి చెయ్యి అడ్డం పెట్టడం.

"అదిగో!" అని ఎగిరి గంతేసింది పదిమందిలో ముందు నడుస్తున్న టీచరమ్మ. "క్వీ... అని! ఏం పిట్టండీ అది?"

ఆయనకు చీమ చిటుక్కుమన్నది కూడా వినపడలేదు. "అదా? సిగ్గుపిట్టమ్మా. మనిషి కంటపడదు. మా తాత అరవై ఏళ్ళు వెతికి తోక నీడ మాత్రం చూశాడు."

"మన వెనకే వస్తోందే!" అన్నాడు గుంపులోని టైలరు.

"మనుషులంటే అభిమానం దానికి."

"సిగ్గన్నారుగా?"

"సిగ్గుతో కూడిన అభిమానం."

"భలే కూస్తోంది, భలే!" అన్నాడు ఆఫీసరు, అందరూ తలలూపడం అయ్యాక.

అక్కడితో ఆగితే బాగుండేది. టైలరు గూడు చూస్తానని చెట్టెక్కి దిగలేక కూర్చున్నాడు. టీచరమ్మ ఫోన్లు చేసింది. అరగంటలో అవతలి బాటలో నడుస్తున్న వాళ్ళంతా వచ్చిపడి, పదిమంది కాస్తా నలభై మందయ్యారు. గైడుగారు, ఈ ఊరందరికీ వినపడే పిట్ట తనకొక్కడికే వినపడదేమని రెండు చేతులూ చెవులకు అదిమిపెట్టాడు.

క్వీ... క్వీ... క్వీ!

"ఆయన చెవికి చెయ్యి పెడితే చాలు, పలుకుతోందండీ! పాముచెవులన్న పేరు ఊరికే వచ్చిందా!" అన్నాడు గుంపులో ఒకడు.

ఆఫీసరుకు మాట పడ్డట్టయింది. గైడుకు తను తీసిపోకూడదు. ఉన్నిటోపీ లోపలికి చెయ్యి దూర్చి తన చెవినీ గట్టిగా అదిమాడు.

క్వీ!

"జంట! జంటండోయ్!" నలభై బైనాక్యులర్లు ఒక్కసారిగా ఆకాశం వైపు లేచాయి. తోపులాటలో ఆఫీసరు ఉన్నిటోపీ ముళ్ళకొమ్మకు చిక్కుకుని ఊడొచ్చింది. చెవి వెనక చిక్కుడుగింజంత మిషను. దాన్ని చూసిన గైడుగారు నోరు తెరిచాడు. తర్వాత తన టోపీ కూడా మెల్లిగా ఎత్తి చూపించాడు.

"ఎన్నాళ్ళుగా?" అన్నాడు ఆఫీసరు గుసగుసగా.

"ఏమిటండీ?"

"ఏంటీ?"

లాభం లేదని గైడుగారు రెండు వేళ్ళు చూపించాడు. ఆఫీసరు మూడు చూపించి, టోపీ పెట్టుకుని, మోకాలి మీదే కాగితం పరిచి సంతకం గీకేశాడు. ఇద్దరూ పొద చాటుకు వెళ్ళి సౌండు తగ్గించుకున్నారు. పిట్టలు ఎగిరిపోయాయని నలభై మందీ ఉసూరుమన్నారు.

ఆ రోజు అడవి రిజిస్టరులో గైడుగారు ఇలా రాశాడు: 'సిగ్గుపిట్టలు, ఒక జత. రెండూ కూస్తాయి, రెంటికీ వినపడదు.'