ఫుల్‌స్టాప్ పెట్టు, తీసెయ్!

కలిసి చదువుకోవాలంటే మొట్టమొదట చెయ్యవలసిన పని, కలవకుండా ఉండటం! మన తాతలకు ఈ సంగతి తెలియక ఒకే బల్ల చుట్టూ చేరి, ఒకే పుస్తకంలోకి నాలుగు తలలు దూర్చి, నెత్తీ నెత్తీ గుద్దుకుని బొప్పులు కట్టించుకున్నారు. ఇప్పుడా బాధ లేదు. యాప్‌లున్నాయి!

నమ్మరా? అయితే వేర్ల మాస్టారి సంగతి వినండి. ఆయన కాలేజీలో బోటనీ చెబుతారు. ఏ మొక్క కనబడ్డా ముందు దాని కింది భాగం గురించే అడుగుతారు కనుక ఆ పేరు. పిల్లలు ఆన్‌లైన్లో కలిసి ప్రాజెక్టు రాయడానికి మంచి యాప్ చూడమని ప్రిన్సిపాల్ మేడమ్ ఆయన్ని పట్టుకున్నారు. ఆయన్నే ఎందుకు? మీటింగులో తుమ్మారు. మేడమ్ దాన్ని ఒప్పుకోలు అనుకున్నారు.

మాస్టారు పదిహేడు యాప్‌లు దించారు. ఆహా, దేనికదే రత్నం! ఒకదాంట్లో పసుపుపచ్చ చీటీలు అంటించవచ్చు. ఒకదాంట్లో చెయ్యెత్తడానికి బొమ్మ చెయ్యి ఉంటుంది, అసలు చేత్తో హాయిగా వీపు గోక్కోవచ్చు. ఇంకోదాంట్లో పెట్టిన మెసేజ్ చూడమని మరోదాంట్లో మెసేజ్ పెట్టాలి, అది చూశారా అని ఫోన్ చెయ్యాలి. పదిహేడు పాస్‌వర్డ్‌లు నోటికొచ్చేసరికి ఇంట్లో ఆవిడ పుట్టినరోజు బుర్రలోంచి జారిపోయింది. బుర్రకు ఇంతకన్నా వ్యాయామం ఏముంది?

చివరికి గెలిచింది లెక్కలు కట్టే యాప్. ఎవరు ఎన్నిసార్లు మీట నొక్కారో చూసి, ఎవరి కృషి ఎంతో రంగురంగుల చక్రంలో చూపిస్తుంది. మేడమ్ మురిసిపోయారు.

"ఇక మీకు దిద్దే పనే లేదు మాస్టారూ! పది శాతం దాటితే పాస్. దాటకపోతే మళ్లీ ఇదే క్లాసు."

నలుగురు పిల్లలకు 'వేరు నీటిని ఎలా వెతుక్కుంటుంది' అన్న ప్రాజెక్టు ఇచ్చారు. రెండు వారాలకు చక్రం తేలింది. మొదటి స్థానం, డెబ్బై శాతం, రేడియో అని పేరుపడ్డ వాగుడుకాయది. వాడేం రాశాడంటారా? ఏమీ రాయలేదు. వాడి రెండేళ్ల చెల్లెలు ల్యాప్‌టాప్ ఎక్కి స్పేస్‌బార్ మీద తైతక్కలాడింది. మూడువందల పేజీల ఖాళీ! ఆ వయసులో అంత పరిశోధన ఇంకెవరైనా చేశారా? శీర్షికకు ఒకరు నీలం రంగు వేస్తే ఇంకొకరు ఆకుపచ్చ వేస్తూ మరో ఇద్దరు ఒడ్డెక్కారు.

అట్టడుగున, ఒక్క శాతంతో, కళ్లజోడు అని పిలిచే అమ్మాయి. ప్రాజెక్టు మొత్తం రాసింది ఆ అమ్మాయే!

నోట్‌బుక్ పట్టుకుని స్టాఫ్‌రూముకు వచ్చింది. "గాజుసీసాలో చిక్కుడు గింజ మొలకెత్తించి రోజూ కొలిచాను సార్. ఇందులో రాసుకుని, అంతా ఒకేసారి ఎక్కించాను."

"అదేనమ్మా తప్పు! ముందు ఆలోచించుకుని రాస్తారా ఎవరైనా?"

"మరిప్పుడు ఏం చెయ్యను సార్?"

మాస్టారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఫుల్‌స్టాప్ పెట్టు. తీసెయ్. మళ్లీ పెట్టు."

"ఎంతసేపు సార్?"

"పది శాతం దాటేదాకా."

తలుపు సందులోంచి రేడియో తల దూర్చాడు. "మా చెల్లిని తీసుకురానా సార్? పావుగంటలో తేల్చేస్తుంది."

కళ్లజోడు ఎవరి సాయమూ తీసుకోలేదు. మధ్యాహ్నమంతా ల్యాబ్‌లో కూర్చుని, వేలు కందేదాకా నొక్కింది. పన్నెండు శాతం! పాస్! చూశారా, యాప్ ఉండబట్టే కదా పిల్ల గట్టెక్కింది?

ఇంతకీ ఏం రాసిందోనని మాస్టారు తెరిచి చూశారు. తడిబట్ట ఏ పక్క పెడితే వేరు ఆ పక్కకే వంగిందట. బట్ట ఆరిపోయిన రోజు మాత్రం 'ఎటు వెళ్లాలో తోచక నిలబడిపోయింది' అని రాసింది. పాతికేళ్లుగా అదే పాఠం చెబుతున్న మాస్టారికి ఆ మాట ఏనాడూ తట్టలేదు. మళ్లీ మొదటినుంచి చదివారు. 'మీరు ఇంకా ఉన్నారా?' అని యాప్ మూలనుంచి అడుగుతూనే ఉంది. ఆయన చూడలేదు.

మర్నాడు మేడమ్ నుంచి నోటీసు: 'యాప్ లెక్క ప్రకారం నిన్న మీరు నలభై నిమిషాలు ఒక్క మీటా నొక్కలేదు. గైర్హాజరు. కారణం తెలపండి.'

మాస్టారు ఆ యాప్‌లోనే జవాబిచ్చారు. 'చదువుతున్నానండీ, క్షమించండి' అని రాసి, చివర ఫుల్‌స్టాప్ పెట్టారు. తీసేశారు. మళ్లీ పెట్టారు. తీసేశారు.

సాయంత్రానికల్లా హాజరు పడింది!