వెనక సీటు లెక్కలోకి రాదు

పెట్రోలు ధర పెరగడం మనం చేసుకున్న పుణ్యం. కాదనేవాళ్ళు ముందు ఇది పూర్తిగా చదివి, తర్వాత నన్ను తిట్టండి.

ధర పెరగకపోతే ప్రభుత్వానికి మనం గుర్తొచ్చేవాళ్ళమా? పొద్దున్నే డబ్బా సంచిలో కుక్కుకుని, హెల్మెట్ నెత్తిన పెట్టుకుని, పొగ మింగుతూ ఆఫీసుకు పోయే జనం ఉన్నారని ఇదివరకు ఎవరికి పట్టింది? ఇప్పుడు పట్టింది. మంత్రిగారు టీవీలో కనిపించి, గొంతు సవరించుకుని, మన రాకపోకల అవస్థ చూసి తన మనసు కరిగిపోయిందని చెప్పారు. ఆ ఖర్చుకు పన్నులో ఊరట ప్రకటించారు. నేను సోఫాలోంచి లేచి నిలబడ్డాను. మా ఆవిడ మాత్రం కూర్చునే బట్టలు మడతపెట్టింది.

మర్నాడే పన్నుల ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు. మేమిద్దరం ఉద్యోగస్తులమేననీ, ఒకే స్కూటరు మీద బయల్దేరుతామనీ, ఆవిడను తను పాఠాలు చెప్పే బడి దగ్గర దింపి నేను ఆఫీసుకు పోతాననీ విన్నవించి, ఇద్దరికీ ఊరట ఇప్పించమన్నాను.

"బండి ఎవరి పేరు మీదుందండీ?"

"నా పేరు మీదే."

"అయితే మీకొక్కరికే వస్తుంది. సొంత బండి నడుపుకుంటూ వెళ్ళేవాళ్ళకే ఇది."

"మరి మా ఆవిడ?"

"వెనక సీటు లెక్కలోకి రాదండీ. రూల్సు ప్రకారం అది మీరు మోసుకెళ్ళే బరువు."

ఈ మాట ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "ఇన్నేళ్ళుగా ఈ ఇల్లు మోస్తున్నది నేను. బరువు కూడా నేనేనా?" అంది. రెండు రోజులు కూరలో ఉప్పు పడలేదు.

కానీ మాది చదువుకున్న కుటుంబం. మూడో రోజు ఇద్దరం కూర్చుని ఆలోచించాం. ఆవిడ పేరు మీద ఇంకో స్కూటరు వాయిదాల పద్ధతిలో కొంటే, ఆవిడకొచ్చే ఊరటతోనే ఆ వాయిదా కట్టేయొచ్చు. అంటే బండి ఊరికే వచ్చినట్టే! ఇలాంటి ప్రభుత్వాన్ని కన్నతల్లి అనక ఇంకేమంటారు?

కొన్నాం. కొన్నందుకు పన్ను కట్టాం, రిజిస్ట్రేషన్‌కు కట్టాం, ఇన్సూరెన్స్ మీద కట్టాం. ఇదివరకు ఒక ట్యాంకు నింపేవాళ్ళం, ఇప్పుడు రెండు నింపుతున్నాం, అందులోనూ పన్నుంది. ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చింది, మేం రెండు చేతులా తిరిగిచ్చేశాం. పుచ్చుకుని మొహం చాటేసే రకం కాదు మేము.

మా వీధిలో అందరూ ఇలాంటి మర్యాదస్తులే. ఎదురింటి లెక్చరర్ గారింట్లో నలుగురు ఉద్యోగాలు చేస్తారు. ఇప్పుడు నలుగురూ నాలుగు బండ్ల మీద, ఒకే టైముకు, ఒకే వైపుకు, ఒకరి వెనక ఒకరు ఊరేగింపుగా వెళ్తున్నారు. మా ఇంటి పక్క మందుల షాపాయన ఇల్లు ఆ షాపు మేడమీదే. మెట్లు దిగితే షాపు. రాకపోకలు లేవు గనక ఊరట లేదన్నారు. పాపం, షాపును ఊరి ఆ చివరికి మార్చేశాడు. ఆయనకు ఊరట దొరికింది, మాకు తలనొప్పి మాత్ర దొరకడం లేదు.

తలనొప్పి దేనికంటారా? రోడ్డు మీద బండ్లకు. అయినా సర్దుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద మేలు ఇంకొకటుంది. ప్రశాంతత! ఇదివరకు స్కూటరు కదిలిందంటే నా చెవి దగ్గర మా ఆవిడ వార్తలు మొదలయ్యేవి. మా అమ్మ మోకాళ్ళు, అబ్బాయి లెక్కల మార్కులు, కారుతున్న గీజరు, స్టాఫ్‌రూమ్‌లో ఫ్యాను కింద కుర్చీ కోసం తగవు. సగం గాలికి పోయేది, సగం హెల్మెట్‌కు తగిలి ఆగిపోయేది. అన్నిటికీ నేను "ఊఁ" అనేవాణ్ణి. ఇప్పుడా శ్రమ లేదు. ఇక ఇంట్లో మాట్లాడుకునే తీరికెక్కడిది? ఆవిడ పొయ్యి దగ్గర, నేను నీళ్ళ మోటారు దగ్గర, అబ్బాయి మా ఇద్దరి మధ్యా సాక్సు వెతుక్కుంటూ.

ఇంత హాయిగా రోజులు గడుస్తుండగా మొన్న ఆవిడ బడి దగ్గర నా బండికి పంక్చరైంది. పక్కనే పంక్చర్ షాపు. షాపతని కూతురు ఆ బళ్ళోనే చదువుతోంది.

"మేడంగారు హెడ్‌మిస్ట్రెస్ అయ్యారంట కదా సార్. మాకు పార్టీ ఏదీ?" అన్నాడు ట్యూబు నీళ్ళలో ముంచుతూ.

"ఇస్తాం, ఇస్తాం" అన్నాను, అంతా తెలిసినవాడిలా.

ఆ పదవి కోసం మా ఆవిడ ఎంతగా ఎదురుచూసిందో నాకు తెలుసు. నాకంటే ముందు నా వీపుకు తెలుసు, ఆ మాటలన్నీ దానికి ఆనుకునే చెప్పేది. తీరా అది దక్కిన కబురు నేను పంక్చర్ షాపులో విన్నాను. సిగ్గేసింది.

ఇంటికెళ్ళి, "నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"చెప్పాను. పోయిన వారం, పెద్ద సిగ్నల్ దగ్గర. మీ పక్కనే ఆగాను కదా."

"నేనేమన్నాను?"

"ఊఁ అన్నారు. ఇంతలో గ్రీన్ పడింది."

బెండకాయలు తరుగుతూ మామూలుగానే చెప్పింది. కోపంగా చెప్పినా బాగుండేది.

"ఆ రెండో బండి అమ్మేద్దాం" అన్నాను.

"సగం ధర కూడా రాదు. అప్పు అలాగే ఉంటుంది."

"పోనీ ఇంట్లో పెట్టేద్దాం. నువ్వు నా వెనకే కూర్చో."

"మీటరు తిరగకపోతే ఊరట ఆపేస్తారు. వాయిదా ఎక్కణ్ణించి తెస్తారు?"

నిజమే. ఊరట కోసం బండి కొన్నాం, ఇప్పుడు బండి కోసం ఊరట కావాలి. వెనక సీటు మాత్రం ఖాళీగా ఉంది.

అందుకని ఇద్దరం ఒకేసారి బయల్దేరుతున్నాం. పెద్ద సిగ్నల్ దగ్గర పక్కపక్కన ఆగి, హెల్మెట్ అద్దాలు పైకెత్తి మాట్లాడుకుంటున్నాం. నేను ఊఁ అనడం మానేశాను. నిన్న గీజరు సంగతి తేలింది. అబ్బాయి మార్కులు మొదలుపెట్టామో లేదో, వెనక నుంచి హారన్లు మోగాయి.

మంత్రిగారూ, మీరిచ్చిన ఊరట చాలు, ఇంకేమీ పెంచక్కర్లేదు. పెట్రోలు ధరంటారా, మీ ఇష్టం. నాదొక్కటే మనవి. ఆ పెద్ద సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు ఇంకాస్త సేపు ఉంచండి. మా ఆవిడ మాట ఇంకా పూర్తి కాలేదు.