హాల్లో ఆరో పిచ్చుక

ఆ రోజు ఉదయం ఇంట్లో ఉన్నవాళ్ళు నలుగురు: సెక్రటరమ్మ, ఆమె భర్త లెక్కల మాస్టారు, అత్తగారు, తాళాలు బాగుచేసే మరిది. హాల్లో పడవ కూడా ఉంది కాని, దాన్ని ఇంటి మనిషి కింద లెక్క వెయ్యాలా వద్దా అన్న విషయం పద్నాలుగు నెలలుగా తేలలేదు.

అది పిచ్చుక రకం పడవ. ఇద్దరు పట్టే చెక్క పడవ, ఒకటే తెరచాప. ఒకప్పుడు సరస్సు క్లబ్బులో అలాంటివి నలభై ఉండేవి. ఇప్పుడు ఐదే మిగిలాయి. ఆరు లేకపోతే ఆ రకాన్ని పోటీల జాబితాలోంచి కొట్టేసి, వాటి షెడ్డును తొక్కుడు పడవలకు ఇచ్చేస్తామని క్లబ్బువాళ్ళు నోటీసు అంటించారు. గడువు ఆ మధ్యాహ్నం పన్నెండు. పదేళ్ళప్పుడు పిచ్చుకలోనే పడవ నడపడం నేర్చుకుని, ఇప్పుడు పిచ్చుకల సంఘానికి సెక్రటరీగా ఉన్న సెక్రటరమ్మ, ఆరోదాన్ని తన చేతులతో హాల్లో కట్టింది. గుమ్మం వెడల్పు ముందే కొలుచుకుంది. ఆ పాటి తెలియని మనిషి కాదు. సోఫా బాల్కనీలోకి వెళ్ళిపోయింది. మాస్టారు గోడవారగా పక్కకు నడవడం అలవాటు చేసుకున్నాడు.

ఎనిమిదికి పడవను తను తూచుకోవడం, తొమ్మిదికి టేపాయన రావడం, పదకొండుకు సర్టిఫికెట్టు. ఇదీ ఆమె వేసుకున్న పథకం. టేపాయన అంటే క్లబ్బు తరఫున పడవలు కొలిచే రిటైరైన సర్వేయరు. ఐదో పిచ్చుక ఆయనదే.

ఒళ్ళు బరువు చూసుకునే మిషను మీద ముందు పడవ ముక్కును, తర్వాత వెనక భాగాన్ని పెట్టి, రెండూ కూడింది సెక్రటరమ్మ. కూడి, నేల మీద కూలబడింది.

"యాభై రెండున్నర! యాభై నాలుగుండాలి. కిలోన్నర తక్కువ!"

"తేలిగ్గా ఉంటే మంచిదేగా అమ్మాయ్?" అంది అత్తగారు, తనను ఎవరైనా ఆ మాట అంటే బాగుండునన్నట్టు.

"తేలికది పోటీలో మిగతావాటికన్నా ముందు పోతుంది అత్తయ్యా. అందుకే ఒప్పుకోరు. సీసం దిమ్మ తెచ్చి అందరికీ కనబడేచోట బిగించాలి. లోపల దాస్తే మోసం."

"దొరక్కపోతే వదినా?"

"ఆరో పడవ లేనట్టే. పిచ్చుకలు అయిపోయినట్టే." ఆమె చెప్పులేసుకుంది. "నేనొచ్చేదాకా దీన్నెవరూ ముట్టుకోవద్దు."

ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో, మాస్టారు మంచం కిందనుంచి రెండు కిలోల డంబెల్ తెచ్చి, పడవ మునగకుండా ముందు భాగంలో అమర్చిన గాలిపెట్టె మూత తీసి లోపల పెట్టాడు. కొన్నాక దాన్ని ఆయన ఎత్తడం అది రెండోసారి. ఆయన అటు వెళ్ళగానే అత్తగారు ఇనుప కల్వాన్ని పాత టవల్లో చుట్టి, కళ్ళజోడు లేకుండా తడుముకుంటూ అందులోనే దింపింది. ఆ తర్వాత మరిది కిలోన్నర పాత తాళాల సంచీని చెయ్యి మాత్రం లోపలికి పోనిచ్చి వదిలేశాడు. ముగ్గురూ వంటింట్లో ఎదురుపడ్డారు.

"ముట్టుకోవద్దంది, గుర్తుందిగా?" అన్నాడు మాస్టారు.

"మేమెందుకు ముట్టుకుంటాంరా?" అంది అత్తగారు.

హార్డ్‌వేర్ షాపుకు ఆ రోజే సెలవు. సెక్రటరమ్మ వట్టి చేతులతో వెనక్కి వచ్చేసరికి టేపాయన గేటు తీస్తున్నాడు. ఆమె ఒక్క పరుగున లోపలికి వెళ్ళి, నిబంధనల పుస్తకం రాసిన చేత్తోనే ఇస్త్రీపెట్టెను గాలిపెట్టెలో పడేసింది. లోపల ఠంగుమంది. ఎందుకో ఆలోచించే వ్యవధి లేదు.

టేపాయన తన తూకపు పలకలు రెండూ పరిచి, పడవను ఎక్కించాడు.

"అరవై రెండున్నర," అన్నాడు. "సెక్రటరీ గారూ, ఇది పిచ్చుకా, గద్దా?"

ఆయన మూత తీసి ఒక్కొక్కటే నేల మీద పేర్చాడు.

"ఈ డంబెల్?"

"అది... నాది," అన్నాడు మాస్టారు.

"కల్వం?"

"అక్కడుందా! పొద్దుటినుంచీ వెతుకుతున్నా," అంది అత్తగారు.

"తాళాలు?"

"దొంగల భయం కదండీ," అన్నాడు మరిది.

ఇస్త్రీపెట్టె గురించి ఆయన అడగలేదు. సెక్రటరమ్మ ముఖం చూసి ఊరుకున్నాడు. "మన పిచ్చుకలు పోతే నాకు మాత్రం బాధ లేదామ్మా? దొంగ తూకంతో బతికించుకుంటే అవి పిచ్చుకలవుతాయా?" అని, వట్టి పడవను మళ్ళీ తూచాడు. "యాభై నాలుగున్నర. అర కిలో ఎక్కువే ఉంది. దీనికి ఇంత హడావిడి దేనికి?"

అందరూ బరువు మిషను వైపు చూశారు. అత్తగారు ఒక్కత్తే కిటికీ వైపు చూసింది.

"ముల్లు ఒక్క కిలో వెనక్కి తిప్పానంతే. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు కాస్త ధైర్యానికి."

"ముక్కు దగ్గరో కిలో, వెనకో కిలో. మొత్తం రెండు కిలోలు తక్కువ చూపించింది," అన్నాడు మాస్టారు వెంటనే.

సెక్రటరమ్మ ఊపిరి పీల్చుకుంది. టేపాయన దరఖాస్తు తీసి, "తూకం సరే. ఇక పొడవు, వెడల్పు కొలవాలి. యజమాని దగ్గరుండాలి. ఏరీ?" అన్నాడు.

"నేనే కదండీ..."

"మీకు మూడో నంబరు పడవుందిగా. ఒకరికి ఒకటే అని రూలు. ఇందులో యజమాని అని మీ ఆయన పేరుంది. సంతకం కూడానూ."

మాస్టారు కాగితం అందుకుని చూశాడు. సంతకం తనదే. పోయిన నెల జవాబు పత్రాలు దిద్దుతుండగా "ఇక్కడొకటి పెట్టండి" అని ఆమె జరిపిన కాగితం అది. కళ్ళజోడు తుడుచుకుని, గోడవార వదిలి హాలు మధ్యకు నడిచాడు. పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. అంచు మీద చెయ్యి వేసి చూశాడు.

"అయితే ఇది నాదన్నమాట."

"కాగితం మీద మాత్రమేనండీ," అంది సెక్రటరమ్మ.

"సొంతమనేది కాగితం మీద కాక ఇంకెక్కడుంటుందోయ్?" అని టేపాయన వైపు తిరిగాడు. "కొలిచేటప్పుడు లోపల ఎవరెవరు ఉండొచ్చండీ?"

"నేను, యజమాని, యజమాని పిలుచుకున్న సాయం ఇద్దరు. కొలిచేవాడు తప్ప పోటీ పడవలవాళ్ళంతా బయటుండాలి. పదిహేడో రూలు. ఆవిడ రాసిందే."

"అమ్మా, నువ్వుండు. తమ్ముడూ, ఆ టేపు కొస పట్టుకో," అన్నాడు మాస్టారు.

"మన పడవకి ఈ రంగేంట్రా, వెలిసిపోయినట్టు?" అంటోంది అత్తగారు.

మాస్టారు సెక్రటరమ్మను మర్యాదగా గుమ్మం దాకా సాగనంపి, తలుపు మూశాడు.

పిచ్చుకల జాబితాలో ఆ ఉదయం ఒక పడవ, ఒక యజమాని కొత్తగా చేరారు. ఇద్దరూ తలుపుకు అవతలే ఉన్నారు.