ఏడు వేల రెండొందల స్పీడు

ఆయనకు స్పీడుబాబు అని పేరుపెట్టింది బావమరిది. నిజానికి మనిషిలో స్పీడన్నది మచ్చుకైనా కనబడదు. స్నానానికి వెళ్తే ఇంట్లోవాళ్లు ఆయన సంగతే మరిచిపోతారు. కొనే వస్తువులు మాత్రం పరుగులు తీయాలి.

భార్య స్టూడియోలకు ఫొటో ఆల్బమ్‌లు తయారుచేసి ఇస్తుంది. పాత కంప్యూటర్ నాలుగు ఫొటోలు తెరిస్తే మొరాయిస్తోంది. ఈసారి ఆలస్యమైతే పని ఇంకొకరికి ఇస్తామని స్టూడియోవాళ్లు తేల్చేశారు. అందుకే విడిభాగాలు ఎంచుకుని దుకాణంలో కొత్తది చేయించుకోవాలనుకున్నారు.

స్పీడుబాబు కన్ను మాత్రం కార్ల పందెం ఆట మీద ఉంది. ఆ మాట పైకి అంటే కొంప మునుగుతుందని తెలుసు.

"నీ పని కోసమే బుర్ర బద్దలుకొట్టుకున్నా. మెమరీ ఏడు వేల రెండొందల స్పీడుది వేయిద్దాం."

"స్పీడు సరే. మెమరీ ఎంత?"

"పదహారు జీబీ."

"పాతదాంట్లోనూ అంతేగా! నాకు చోటు చాలకే కదా ఆగిపోతోంది?"

"స్పీడుంటే చోటు అదే సర్దుకుంటుంది."

"బీరువా తలుపు మీరెంత స్పీడుగా వేసినా మీ చొక్కాలు బయటికే వస్తున్నాయి మరి."

"బీరువాకీ కంప్యూటర్‌కీ పోలికా!" అని ఆయన దుకాణానికి వెళ్లి ఆర్డరిచ్చి వచ్చాడు. ఆవిడ మళ్లీ పాత కంప్యూటర్ ముందు కూర్చుంది.

కంప్యూటర్ వచ్చింది. ఆల్బమ్ అనుకున్న వేళకే వెళ్లిపోయింది. స్పీడుబాబును పట్టడానికి పగ్గాల్లేవు. పాలవాడికి చెప్పాడు, పక్కింటాయనకు చెప్పాడు, ఆదివారం బావమరిదిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు.

"చూడు! మీ అక్క ఫొటోలన్నీ తెరిచా, పైన ఆట కూడా పెట్టా. ఆగిందా? ఏడు వేల రెండొందలంటే ఇదీ!"

బావమరిది తెర మీద ఏదో నొక్కి చూశాడు. "బావా, ఇక్కడ మెమరీ ముప్ఫైరెండు, స్పీడు ఐదు వేల ఆరొందలు అని ఉందేంటి?"

"మోసం! ఆ దుకాణంవాడి సంగతి ఇప్పుడే తేలుస్తా!" స్పీడుబాబు ఒక కాలికి చెప్పు కూడా తొడిగేశాడు.

"ఆ రెండోది వేసుకోకండి. మార్పించింది నేనే," అంది భార్య, బట్టలు మడతపెడుతూ.

"నువ్వా! ఎప్పుడు?"

"మీరు స్నానంలో ఉండగా దుకాణం కుర్రాడు మీ ఫోన్‌కి చేశాడు. మన కంప్యూటర్ బోర్డు మీద అంత స్పీడు నిలకడగా నడుస్తుందో లేదో చెప్పలేనన్నాడు. అదే ధరకు మామూలు స్పీడుది, రెండింతల మెమరీ వస్తుందన్నాడు. వేసేయమన్నా."

"నన్నో మాట అడగొచ్చుగా!"

"స్నానాలగది తలుపు కొట్టాను. సబ్బు రాసుకుంటున్నా అన్నారు. కాసేపాగి మళ్లీ కొట్టాను. రెండో కాలికి రాసుకుంటున్నా అన్నారు. అతనికి వేరే పనులుండవా?"

బావమరిది నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాడు. స్పీడుబాబు మెల్లగా చెప్పు విప్పి మూలన పెట్టాడు. ఇన్నాళ్లూ ఊరంతా తిరిగి తను పొగిడింది భార్య ఎంపికనే. ఇప్పుడు తిట్టడానికి నోరెలా వస్తుంది?

"బాగానే ఎంచావు," అన్నాడు చివరికి, తెర వైపే చూస్తూ.

మర్నాటినుంచి ఆయన ఫోన్‌ను సబ్బుపెట్టె పక్కన పెట్టుకుని స్నానం చేస్తున్నాడు.