నీలికాళ్ళ ఈగలు

వేసవి సెలవుల్లో వీరరాఘవయ్య మాస్టారికి పనుండదు. సైన్సు చెప్పే మనిషికి పని లేకపోవడం ఊరికి ఎంత ప్రమాదమో తిరువూరుకి డెబ్భై నాలుగో సంవత్సరం మే నెలలో తెలిసింది.

ఆ ఉదయం ఆయన పెట్టుకున్న కార్యక్రమం చిన్నదే. కాఫీ తాగడం, పేపరు చదవడం, భార్య హనుమాయమ్మ స్నానం చేసి వచ్చేదాకా పెరట్లో ఆరుతున్న మామిడి తాండ్రకి కాపలా కాయడం. చాప మీద రోజుకో పొర రసం పోస్తూ ఆవిడ ఏడో పొరకి వచ్చింది. మాస్టారికేమో రెండు రోజులుగా కడుపు కదిలి, చేతిలోంచి చెంబు దిగడం లేదు. కాపలా కాస్తూనే చాప మూల నుంచి చిన్న ముక్క గిల్లి నోట్లో వేసుకున్నారు. నీరసానికి తీపి మంచిదని ఆయన నమ్మకం.

"ఇదంతా దౌలత్‌బీ పునుగుల పుణ్యమే," అన్నారు భార్య రాగానే. "నేను బయట తిన్నది అవొక్కటే. బస్టాండులో ఈగలు చూశావా?"

"పదేళ్ళ నుంచి తింటున్నారుగా! ఇప్పుడే వచ్చిందా రోగం?"

"ఈగంటే ఏమనుకున్నావు? దానికి పళ్ళుండవు. గట్టి పదార్థం మీద ముందు ఉమ్మేస్తుంది. కరిగాక పీల్చుకుంటుంది. ఆ కాళ్ళు అంతకుముందు పెంట మీద తిరిగినవి. వాటి నూగుకి పట్టుకుని లక్షల బాక్టీరియా..."

"నేనింకా కాఫీ తాగలేదండీ," అంటూ హనుమాయమ్మ గ్లాసు పక్కన పెట్టేసింది.

ఆయన అప్పటికే చెప్పులు వేసుకున్నారు. దౌలత్‌బీ హోటలంటే పెద్దదేం కాదు. బస్టాండు ఎదురుగా ఏడుకొండలు బట్టల కొట్టు అరుగు మీద ఒక పొయ్యి, ఒక బాణలి, రెండు బెంచీలు. లారీ డ్రైవరు భర్త పోయాక ఆ అరుగే ఆమె బతుకు. మాస్టారు నేరుగా కొట్లోకి వెళ్ళి, ఆమెని ఖాళీ చేయించమని ఏడుకొండలుకి చెప్పారు.

"నాకూ నిన్నట్నుంచి ఇదే అవస్థ మాస్టారూ," అన్నాడు ఏడుకొండలు పొట్ట పట్టుకుని. "ఆమె పునుగులు నేనూ తిన్నా. కానీ ఊరికే పొమ్మంటే జనం ఊరుకుంటారా? ఈగలు తిండి మీద వాలుతున్నాయని కంటికి చూపించండి, రేపే ఖాళీ చేయిస్తా."

కంటికి చూపించడం మాస్టారికి ఇష్టమైన పని. అక్కడి ఈగల్నే పట్టి, వాటికి బట్టల నీలిమందు పొడి పూసి, అక్కడే వదిలితే సరి. ఏ ఈగ ఎక్కడ కాలు పెట్టిందో నీలంగా కనబడుతుంది. హార్లిక్స్ సీసాలో బెల్లంముక్క వేసుకుని ఆయన అరుగు చివర కూర్చున్నారు.

"ఏంటి మాస్టారూ, ఈగలు పడుతున్నారు?" అంది దౌలత్‌బీ.

"చిన్న పరిశీలనలే అమ్మా," అన్నారాయన నేల చూపులు చూస్తూ.

ఆమె వచ్చి సీసాలోకి తొంగి చూసింది. "ఇదేంటి, చేతులు రుద్దుకుంటోంది? దండం పెడుతోందా?"

"చేతులు కావమ్మా, కాళ్ళు. ఈగకి రుచి తెలిసేది కాళ్ళతోనే. అందుకే అంటుకున్నదంతా దులుపుకుంటుంది."

"అయ్యో! మనం తినేముందు చేతులు కడుక్కున్నట్టేగా!"

క్లాసులో నలభై మందికి రాని ఆలోచన ఈమెకి వచ్చిందని మాస్టారు మురిసిపోయారు. ఆమెని వెళ్ళగొట్టడానికి వచ్చిన సంగతి కాసేపు మర్చిపోయారు కూడా.

దౌలత్‌బీ మాత్రం ఇంకోలా అర్థం చేసుకుంది. తన హోటల్లో ఈగల బాధ చూడలేక అంత పెద్దమనిషి సీసా పట్టుకుని వచ్చాడనుకుంది. టీ తాగడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ మాట చెప్పింది. అది బస్టాండు దాటేలోపు ఈగలతో మాస్టారు ఏదో మందు చేస్తున్నారన్న మాటగా మారింది. రిక్షావాళ్ళు అగ్గిపెట్టెల్లో తెచ్చారు. నెమలి అనే ఊరు వెళ్ళాల్సిన పెద్దావిడ కొంగులో మూట కట్టి తెచ్చింది. ఎ.కొండూరు బస్సు కండక్టరు టికెట్ల కట్టతో కొట్టి రెండు పట్టుకొచ్చాడు.

"చచ్చినవి పనికిరావయ్యా!" అన్నారు మాస్టారు.

"బతికున్నవి తెస్తా, బస్సాపుతానుండండి," అన్నాడతను. బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యంగా కదిలింది.

ఇరవై ఈగలు చాలనుకున్న చోట వందకి పైగా పోగయ్యాయి. నాలుగు గంటలకి పునుగుల వాయి దిగింది. మాస్టారు సీసాలో నీలిమందు పోసి, ఆడించి, ఏడుకొండలుని పక్కన నిలబెట్టుకుని మూత తీశారు.

ఈగలు గుప్పున లేచాయి. బాణలి వైపు వెళ్ళినవి ఆ సెగకి వెనక్కి తిరిగాయి. పళ్ళెంలో పునుగుల మీద పల్చటి తెల్లగుడ్డ కప్పి ఉంది. పక్కనున్న ఏడుకొండలు కొత్త పంచె మీద మాత్రం నీలం చుక్కలు పడ్డాయి. బెంచీ మీద వినగడప నుంచి వచ్చిన రైతు ఒలుచుకున్న అరటిపండు మీద ఇంకో నాలుగు పడ్డాయి.

"ఓర్నాయనో! పురుగుమందు చల్లాడ్రా!" అని ఆ రైతు అరిచాడు.

అంతే. తింటున్నవాళ్ళు ఉమ్మేశారు. తిన్నవాళ్ళు గొంతులో వేలు పెట్టుకున్నారు. ఇద్దరు మాస్టారి చొక్కా పట్టుకున్నారు.

"బాబూ, బట్టలకి పెట్టే నీలి ఇది! పురుగుమందు కాదు! కావాలంటే చూడండి!" అని ఆయన సీసాలోంచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నారు. ఆ సీసాలో వంద ఈగలు కాపురం చేశాయన్న సంగతి మింగాక గుర్తొచ్చింది.

నీలం నాలుక చూసి జనం చల్లబడ్డారు. భయం పోగానే కుతూహలం పట్టుకుంది. ఇంతకీ ఆ ఈగలన్నీ ఎటు పోయినట్టు? "ఇక్కడో చుక్క!" అంది దౌలత్‌బీ, సున్నం వేసిన గోడ చూపించి. అవతల గోడ మీద ఇంకోటి. ఆ పైన ఎవరిదో ఆరేసిన తువ్వాలు మీద మూడు. చుక్కల వెంట జనం, జనం ముందు మాస్టారు, సందులో మలుపు తిరిగారు. అది తన ఇంటి సందేనని గుర్తుపట్టి ఆయన నడక తగ్గించారు. వెనకవాళ్ళు తగ్గించలేదు.

పెరట్లో గేదె పెంటకుప్ప మీద నీలం ఈగలు, దానికి నాలుగడుగుల దూరంలో తాండ్ర మీద నీలం ఈగలు. అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ తీరిగ్గా తిరుగుతున్నాయి. ఏడో పొర నిండా చుక్కలే. పక్కనే హనుమాయమ్మ కర్ర పట్టుకుని పీట మీద కూర్చుంది.

"పొద్దుట్నుంచీ ఒక్క కాకిని వాలనివ్వలేదండీ!" అంది గర్వంగా. తర్వాత చాప వంక చూసుకుని, "ఇదేంటి, ఈ మూలంతా ఎవరో గిల్లారు?" అంది.

మాస్టారు చేతులు వెనక్కి దాచుకున్నారు. ఏడుకొండలు ముందుకొచ్చాడు. "అమ్మా, మొన్న నాకు పంపించిన ముక్క..."

"దీంట్లోదే అన్నయ్యగారూ. బావుందా?"

ఏడుకొండలు తన పొట్ట చూసుకుని, మాస్టారి పొట్ట చూశాడు. "రేపు ఖాళీ చేయిస్తానని మాటిచ్చా. ఎవర్ని చేయించమంటారు మాస్టారూ?"

దౌలత్‌బీకి అప్పుడర్థమైంది. మొహం పాలిపోయింది. "నన్నా? నాకోసమే ఈగలు పడుతున్నారని ఊరంతా చెప్పుకున్నానే మాస్టారూ! రెండు టీలు కూడా ఇచ్చాను!"

మాస్టారికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. "తప్పయిపోయిందమ్మా. నన్ను క్షమించు. ఆ అరుగు నీదే," అన్నారు, ఏడుకొండలుని అడక్కుండానే. ఏడుకొండలు తలూపాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని, భుజం మీదున్న పల్చటి గుడ్డ తీసి హనుమాయమ్మకి ఇచ్చింది. "ఇది కప్పమ్మా. ఎండ తగులుతుంది, ఈగ దూరదు. ఆ పెంట కూడా దూరంగా వేయించండి."

పాత తాండ్ర గోతిలోకి పోయింది. మర్నాడే కొత్త చాప పరిచి, రసం పోసి, హనుమాయమ్మ గుడ్డ కప్పింది. గుడ్డ అంచుల వెంట కాస్త నీలిమందు కూడా చల్లింది. ఎందుకని మాస్టారు అడగలేదు. ఈగల కోసమే అనుకున్నారు.

నాలుగు రోజులకి కడుపు నిమ్మళించి ఆయన మళ్ళీ అరుగు దగ్గరికి వెళ్ళారు. పునుగుల పళ్ళెం కోసం చెయ్యి చాపారు. దౌలత్‌బీ ఆ వేళ్ళ వంక చూసి పళ్ళెం వెనక్కి లాక్కుంది.

"అన్ని ఈగలు వదిలారు. ఒక్కటీ నా పునుగుల జోలికి రాలేదు. నీలం అంటించుకుని వచ్చింది మీరొక్కరే మాస్టారూ."

మాస్టారు రెండు చేతులూ రుద్దుకుంటూ నీళ్ళ కుండ వైపు నడిచారు.